కౌగిలి: చోటు పేరుగా పుట్టిన మాట

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాల్లో ఒక మనిషిని గుండెలకు తీసుకోవడాన్ని చెప్పడానికి చాలా మాటలు ఉన్నాయి. సెలవులకు వచ్చిన మనవణ్ని అమ్మమ్మ వాటేసుకుంటుంది. పత్రికల్లో నాయకులు ఆలింగనం చేసుకుంటారు. రామాయణం చెప్పే పంతులుగారి నోట పరిష్వంగం అనే మాట వినిపిస్తుంది. పక్కింటి ఒడియావాళ్లు ఆత్మీయులు ఎదురైతే కోళాకోళి అవుతారు. వీటన్నిటికీ నడుమ, తెలుగువారందరికీ తెలిసి ఉండి కూడా నలుగురిలో పలకడానికి కొంచెం వెనకాడే మాట కౌగిలి. అర్థం అందరికీ తెలుసు కనుక దాని పుట్టుక గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. కాని దాని రూపాన్నీ, విభక్తి మార్పునూ, సోదర భాషల్లోని బంధువులనూ వరుసగా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. కౌగిలి మొదట ఒక పని పేరు కాదు, ఒంటిమీది ఒక చోటు పేరు. ఆ చోటులోకి మరొకరిని తీసుకోవడమే కౌగిలించడం.

ఈ మాటకు నిఘంటువుల సాక్ష్యం గట్టిగా ఉంది. 1852లో అచ్చయిన బ్రౌన్ తెలుగు నిఘంటువు కౌగిలికి మొదటి అర్థంగా రొమ్మును చెప్పి, ఆ తరువాతే ఆలింగనాన్ని చెబుతుంది. ఈనాటి పాఠకుడికి ఆ మొదటి అర్థం వింతగా తోస్తుంది, ఎందుకంటే ఎవరూ ఇప్పుడు "కౌగిలి నొప్పి పుడుతోంది" అనరు. అయినా ఆ పాత అర్థం భాషలోంచి పూర్తిగా పోలేదు. "కౌగిట చేర్చుకొను", "కౌగిట పొదువుకొను" అనే పలుకుబడుల్లో అది అలాగే నిలిచి ఉంది. పని పేర్లను తెలుగు ఈ తీరుగా వాడదు. నవ్వులో చేర్చుకోవడం, పిలుపులో పొదువుకోవడం ఉండవు. అక్కున చేర్చుకోవడం, ఒడిలో కూర్చోబెట్టుకోవడం, చంకన వేసుకోవడం ఉంటాయి. అక్కు అంటే రొమ్ము, ఒడి అంటే తొడల మీది చోటు, చంక అంటే చేయి మొదలు కింది చోటు. కౌగిలి ఈ వరుసలోని మాట.

కౌగిట అనే రూపం దగ్గర కాసేపు ఆగాలి. కౌగిలి అనే ప్రథమా రూపంలోని చివరి "లి", విభక్తి చేరేసరికి "ట"గా, "టి"గా మారుతుంది. వాకిలి వాకిట అయినట్టు, ముంగిలి ముంగిట అయినట్టు, లోగిలి లోగిట అయినట్టు కౌగిలి కౌగిట అవుతుంది. ఈ పోలికను చూసి కౌగిలిలో కూడా ఇల్లు ఉందని చెప్పాలనిపించడం సహజం. వాకిలి అంటే ఇంటి నోరు, ముంగిలి అంటే ఇంటి ముందు, లోగిలి అంటే ఇంటి లోపలి భాగం. ఆ మూడింటిలోనూ ఇల్లు నిజంగానే ఉంది. కౌగిలి కూడా చేతులు కట్టిన ఇల్లు అంటే వినడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. కాని ఇంపు వేరు, నిరూపణ వేరు. పిడికిలి పిడికిట అవుతుంది, రోకలి రోకట అవుతుంది. పిడికిలిలోనూ రోకలిలోనూ ఇల్లు లేదు. అందువల్ల లి, ట మార్పు ఇంటికి గుర్తు కాదు, ఆ అంత్యాక్షరం ఉన్న మాటల గుంపు మొత్తానికి చెందిన వ్యాకరణ లక్షణం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అని చెప్పినవి ఈ రకం మార్పులే. కనుక ఆ రూపం కౌగిలి పుట్టుకను చెప్పదు. ఆ మాట పాతదనీ, అచ్చ తెలుగు మాటల నడవడినే పాటిస్తోందనీ మాత్రం చెబుతుంది.

పుట్టుకను చెప్పేది మరొకటి ఉంది, అది అరసున్న. పాత పద్ధతిలో ఈ మాటను కౌఁగిలి అని రాసేవారు. నేటి రాతలో అరసున్నను వదిలేశాం, పలుకులో అది అంతకుముందే పోయింది. కాని మాటల చరిత్ర చదివేవారికి అరసున్న విలువైన గుర్తు, ఎందుకంటే ఒకప్పుడు అక్కడ పూర్తి అనునాసికం పలికేదని అది చెబుతుంది. తెలుగు తూఁగుకు తమిళంలో తూంగు ఉంది, తెలుగు మూఁడుకు తమిళంలో మూన్ఱు ఉంది. ఈ లెక్కన కౌఁగిలికి వెనుక కవుంగిలి వంటి రూపం ఉండాలి. కన్నడంలో చంకను కంకుళు అంటారు, కొంకుళు అని కూడా అంటారు. ఒకే మాట ఒకచోట "కం"తోనూ మరొకచోట "కొం"తోనూ మొదలుకావడానికి కారణం వెనుకటి కవుంకుళ్ అనే రూపమే. "కవుం" కుదించుకుపోయి ఒకవైపు "కం" అయింది, మరోవైపు "కొం" అయింది. తెలుగులో అదే "కవుం" ఒకవైపు కౌగిలి అయింది, మరోవైపు పలుకుబడిలో కాగిలి అయింది. తమిళంలో చంకకు కముక్కట్టు అనే మాట ఉండటం ఈ బంధుత్వానికి తోడు. అనునాసికం ఉన్నచోటే అరసున్న ఉంది, అర్థం పక్కపక్కనే ఉంది. మాటల బంధుత్వాన్ని నమ్మడానికి కావలసిన రెండు షరతులూ ఇక్కడ తీరుతున్నాయి.

చంకకూ కౌగిలికీ ఏమిటి సంబంధం అని అడిగేవారు ఒక తల్లి బిడ్డను ఎత్తుకునే తీరును గమనిస్తే చాలు. గజపతి జిల్లాలోని పర్లాకిమిడి సంతలో కూరగాయలు బేరమాడుతున్న స్త్రీ ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చేతిని బిడ్డ వీపు మీదుగా తిప్పి, మోచేయిని తన పక్కటెముకలకు ఆనించి పెడుతుంది. బిడ్డ ఒక కాలు తల్లి కడుపు మీదుగా, మరొకటి నడుము వెనకగా వేలాడుతుంది. తల ఆమె భుజం కింద, చేయికీ రొమ్ముకూ నడుమ ఏర్పడ్డ పల్లంలో ఒదుగుతుంది. ఆ పల్లానికి ఒక అంచు చంక, మరో అంచు రొమ్ము. ఒక భాష దాన్ని చంక వైపునుంచి చూసి పేరు పెట్టింది, మరో భాష రొమ్ము వైపునుంచి చూసింది. తెలుగువారు ఇప్పటికీ బిడ్డను చంకనెత్తుకున్నామంటారు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు" అన్న సామెతలో చంక అంటే పట్టుకునే చోటే. కాబట్టి కౌగిలికి రొమ్ము అన్న అర్థం, కంకుళుకు చంక అన్న అర్థం ఒకే చోటుకు సంబంధించినవి.

తమిళంలో కవవు అనే మరో పాత మాట ఉంది. పాత తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం ఆ మాటకు లోపల పెట్టుకోవడం అని అర్థం చెబుతుంది, సంగం కవిత్వంలో అది ఆలింగనానికి వాడుకయింది. కౌగిలిని దీనితో కలపాలా, కంకుళుతో కలపాలా అన్న ఎంపిక వస్తే, అరసున్న కారణంగా కంకుళుకే మొగ్గు చూపాలి. అయితే లోపల పెట్టుకోవడం అన్న ఆ పాత వివరణ దక్షిణాది భాషలు ఈ చేతను ఎలా ఊహించుకున్నాయో చక్కగా చూపుతుంది.

సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఈ వాదం అర్థం కావడం మిగతావారికంటే తేలిక, ఎందుకంటే వారి పక్కనే ఉన్న ఒడియా భాష ఇదే పని వేరే మాటతో చేసింది. ఒడియాలో కోళ అంటే ఒడి, రొమ్ము, కౌగిలి మూడూ. తల్లి బిడ్డను కోళకు తీసుకుంటుంది, బిడ్డ కోళరే నిద్రపోతుంది. ఆ "కోళరే"ను తెలుగులోకి తేవాలంటే సందర్భాన్ని బట్టి ఒడిలో అనాలి, లేదా కౌగిట అనాలి. ఈ కోళకు మూలం సంస్కృతంలోని క్రోడం. అమరుడు కూర్చిన సంస్కృత నిఘంటువు అమరకోశం క్రోడానికి పర్యాయంగా చెప్పిన మాట భుజాంతరం, అంటే రెండు భుజాల నడిమి చోటు. తెలుగు ద్రావిడ మూలం నుంచీ ఒడియా సంస్కృత మూలం నుంచీ బయలుదేరి, రెండూ చేతుల నడుమ ఉన్న ఆ చోటు దగ్గరే కలిశాయి. ఒకదాని నుంచి మరొకటి అరువు తెచ్చుకున్నదేమీ లేదు. ఒంటిని చూసిన తీరు ఒకటే.

కోళ నుంచి ఒడియావారు కట్టిన కోళాకోళి మరింత ఆసక్తికరమైనది. ఒకరిని ఒకరు హత్తుకోవడం అని దాని అర్థం. ఈ అచ్చు సంస్కృతంలో ఉంది. జుట్లు పట్టుకుని పోట్లాడితే కేశాకేశి, కర్రలతో కొట్టుకుంటే దండాదండి, పిడికిళ్లతో గుద్దుకుంటే ముష్టీముష్టి. పాణిని సూత్రాలు ఈ సమాసాలను పరస్పర క్రియకు చెబుతాయి, వ్యాఖ్యాతలు వాటికి యుద్ధాన్నే సందర్భంగా చూపుతారు. తెలుగు పత్రికల్లో "బాహాబాహీకి దిగారు" అన్న మాటలో ఆ పోట్లాట వాసన ఇప్పటికీ ఉంది. ఆ అచ్చులోనే ఒడియా ప్రజలు కోళను పోసి స్నేహానికి పేరు చేసుకున్నారు. బాహాబాహీలోనూ చేతులే కలుస్తాయి, కోళాకోళిలోనూ చేతులే కలుస్తాయి. మాటల చరిత్రలో ఇంత అందమైన మలుపు అరుదు.

తెలుగులో ఈ పరస్పరత్వాన్ని మోసేది పేరు కాదు, "కొను" అనే సహాయక క్రియ. కౌగిలించు అంటే ఒకరు చేసే పని, కౌగిలించుకొను అంటే తనకోసం చేసే పని, లేదా ఇద్దరూ చేసుకునే పని. "కొట్టుకున్నారు", "తిట్టుకున్నారు", "కౌగిలించుకున్నారు" అన్న మూడింటిలోనూ ఉన్న కొను ఒకటే. అంటే ఒడియా సమాసంలో ఉన్న విశేషం తెలుగు క్రియలోనూ ఉంది. పోట్లాటకూ ప్రేమకూ వ్యాకరణం ఒకే పనిముట్టును ఇచ్చింది. తెలుగింటి పిల్లను ఒడియా ఇంటికిచ్చిన పెళ్లిలో ఇది కళ్లముందే కనబడుతుంది. వియ్యంకులిద్దరూ ఎదురుపడి, పూలదండలు మార్చుకుని, ఒకరి భుజం మీదికి మరొకరు వంగినప్పుడు, మగపెళ్లివారి వైపు నుంచి కోళాకోళి అన్న మాట, ఆడపెళ్లివారి వైపు నుంచి "బావగారూ, ఒక్కసారి ఆలింగనం చేసుకోండి, ఫొటో తీస్తారు" అన్న మాట ఒకేసారి వినిపిస్తాయి. అక్కడ "కౌగిలించుకోండి" అని ఎవరూ అనరు. ఆ జాగ్రత్తకు కారణం తరువాత చూద్దాం.

సంస్కృతం నుంచి వచ్చిన మాటల తీరు దీనికి భిన్నం. అమరకోశం ఆలింగనానికి పరిరంభం, పరిష్వంగం, సంశ్లేషం, ఉపగూహనం అని నాలుగు పేర్లు వరుసగా ఇస్తుంది. నాలుగూ ధాతువుల నుంచి పుట్టినవే, నాలుగూ చేతకే పేర్లు, చోటుకు కావు. పరిష్వంగానికి మూలమైన ధాతువుకు చుట్టివేయడమే అర్థం. ఉపగూహనంలో ఉన్నది దాచుకోవడం, గుహలోనూ గుహ్యంలోనూ ఉన్న ధాతువే అందులోనూ ఉంది. సంశ్లేషంలో ఉన్నది అంటుకోవడం. ఈ చివరి ధాతువు తెలుగులో విస్తరించినంతగా మిగతావి విస్తరించలేదు. రెండర్థాలు అంటిపెట్టుకున్న పదప్రయోగం శ్లేష. జిగటగా అంటేది శ్లేష్మం. పాములకు సంబంధించినదని చెప్పే నక్షత్రం ఆశ్లేష, ఆ పేరుతో ఆగస్టు మొదటి సగంలో వచ్చే కార్తెను వంశధార, మహేంద్రతనయ పరీవాహక ప్రాంతాల తెలుగు రైతులు పంచాంగంలో చూసి ఊడ్పుల లెక్క వేసుకుంటారు. ఆ కార్తె పేరులో ఆలింగనం ఉందని వారికి ఎవరూ చెప్పి ఉండరు. అంటుకున్నదాన్ని విడదీయడం విశ్లేషణ. వైష్ణవ వ్యాఖ్యానాల్లో సంశ్లేషం, విశ్లేషం అంటే భగవంతునితో కూడిక, ఎడబాటు. నేటి విశ్లేషకులు చేసే పని పేరు ఒకప్పుడు విరహానికి పేరు.

ఆలింగనం అనే మాట అమరుడి ఆ నాలుగింటిలో లేకపోయినా దాని బంధువు ఒకటి మరోచోట కనిపిస్తుంది. మృదంగాల్లో అంక్యం, ఆలింగ్యం, ఊర్ధ్వకం అని మూడు రకాలను అమరకోశం చెబుతుంది. అంకం అంటే ఒడి, ఒడిలో పెట్టుకుని వాయించేది అంక్యం. చేతుల నడుమ హత్తుకుని వాయించేది ఆలింగ్యం. నిలువుగా ఉండేది ఊర్ధ్వకం. ఒక వాద్యాన్ని పట్టుకునే తీరుతోనే పేరు పెట్టిన ఆ కాలపు చూపు ముచ్చటైనది. ఒడియా కోళ ఒడినీ కౌగిలినీ ఒకే మాటలో కలుపుకుంటే, సంస్కృతం రెండు వాద్యాల పేర్లలో వాటిని విడదీసి చెప్పింది.

ఇప్పుడు వియ్యంకుల దగ్గర వదిలిన ప్రశ్నకు వద్దాం. ఒకే అర్థానికి దేశ్యమూ తత్సమమూ రెండూ ఉన్నప్పుడు తెలుగు వాటికి వేర్వేరు సందర్భాలను కేటాయిస్తుంది. ఆలింగనం బహిరంగమైంది, కౌగిలి ఏకాంతమైంది. ఇద్దరు ప్రధానమంత్రులు విమానాశ్రయంలో ఆలింగనం చేసుకున్నారని రాస్తారు, కౌగిలించుకున్నారని రాయడానికి ఉపసంపాదకుడు వెనకాడతాడు. ప్రబంధ కవులు శృంగార వర్ణనల్లో బిగికౌగిలిని విరివిగా వాడటం, తరువాత సినిమా పాటలు అదే దారి పట్టడం ఈ విభజనను గట్టిపరిచాయి. పరిష్వంగం భక్తిలో నిలిచింది. సీత జాడ తెచ్చిన హనుమంతుడికి ఇవ్వడానికి తన దగ్గర వేరే ఏమీ లేదని రాముడు ఇచ్చిన కానుకను వాల్మీకి పరిష్వంగం అన్నాడు, పౌరాణికులు ఆ మాటను ఇప్పటికీ మార్చకుండా చెబుతారు. ఒడిశాకూ తెలుగునేలకూ ఉమ్మడి అయిన మరో సన్నివేశం గోదావరి ఒడ్డున జరిగింది. ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి తరఫున రాజమహేంద్రవర ప్రాంతాన్ని పాలించిన రామానందరాయలను, దక్షిణ యాత్రకు వచ్చిన వైష్ణవ భక్తుడు చైతన్యుడు అక్కడ కలిశాడు. చైతన్యుడి జీవితకథ అయిన చైతన్య చరితామృతం ఆ కలయికను దృఢమైన ఆలింగనంగా వర్ణిస్తుంది. ఒక సన్న్యాసి, ఒక రాజోద్యోగి, కులాచారం వారిద్దరి నడుమ పెట్టిన దూరం, దాన్ని దాటిన చేతులు. ఈ ఘట్టాన్ని తెలుగులో చెప్పేవారు ఆలింగనం అనే అంటారు. కౌగిలి అంటే తప్పు కాకపోయినా చెవికి వేరేగా తోస్తుంది. ఇది మాట తప్పు కాదు, దానిమీద మనం మోపిన బరువు. బిడ్డను పట్టుకునే చోటుకు పెట్టిన పేరు క్రమంగా పడకగది మాటగా కుదించుకుపోవడం తెలుగుకు జరిగిన నష్టమే.

ఆ నష్టాన్ని ఇంటిమాట కొంతవరకు పూడ్చింది. వాటేసుకోవడం, కావలించుకోవడం, హత్తుకోవడం అనేవి వయసుతోనూ వరసతోనూ నిమిత్తం లేకుండా అందరికీ చెల్లుతాయి. కావలించుకోవడం కౌగిలించుకోవడానికి మరో రూపమే, పలుకుబడిలో కాగిలి అయిన మాటలో "గ" సడలి "వ" అయింది. హత్తుకొను కథ వేరు. అచ్చ తెలుగు మాటలు "హ"తో మొదలుకావు, కనుక హత్తు ఎక్కడినుంచో వచ్చినదై ఉండాలి. తమిళంలో ద్విత్వ ఱకారం ఉన్నచోట తెలుగులో "ట్ట", కన్నడంలో "త్త" ఉండటం చాలా మాటల్లో కనిపించే క్రమం. తమిళం సుఱ్ఱుకు తెలుగు చుట్టు, కన్నడ సుత్తు. అలాగే తమిళం పఱ్ఱుకు తెలుగు పట్టు, పాత కన్నడ పత్తు. కన్నడంలో మాట మొదటి "ప" మధ్యయుగాల్లో "హ"గా మారినప్పుడు పత్తు హత్తు అయింది, అంటుకోవడం దాని అర్థం. అంటే తెలుగు పట్టుకొనుకు కన్నడంలో పెరిగిన తోబుట్టువే హత్తుకొను. పుట్టింట్లో ఉన్నది గట్టిగా పట్టుకుంటే, పొరుగునుంచి వచ్చింది మెత్తగా హత్తుకుంటుంది. మనసుకు హత్తుకున్న మాట అంటాం, మనసుకు పట్టిన మాట అంటే అది మరో అర్థం.

ఇంటిమాటకు ఇంత విలువ ఉందని పట్టుబట్టి వాదించిన గిడుగు రామమూర్తి పనిచేసింది పర్లాకిమిడిలోనే. 1863లో పుట్టిన ఆయన అక్కడి రాజావారి విద్యాసంస్థల్లో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. ప్రజలు నిజంగా పలికే రూపమే భాషకు ప్రమాణమన్న ఆయన వాదానికి కౌగిలి మంచి ఉదాహరణ అవుతుంది. కౌఁగిలించుకొనెను అని అరసున్నతో రాయడం గ్రాంథికులకు గౌరవం. కాగిలించుకున్నాడు, కావలించుకున్నాడు అనడం జనానికి సహజం. అరసున్న మాట చరిత్రను కాపాడింది, జనం పలుకు మాట ప్రాణాన్ని కాపాడింది, శాస్త్రానికి రెండూ కావాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిన ఏడాదే రామమూర్తి ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు.

చోటు అన్న మొదటి అర్థం తెలిస్తే కౌగిలితో ఉన్న చీకటి ప్రయోగాలు కూడా సులువుగా తెలుస్తాయి. ధృతరాష్ట్ర కౌగిలి అనే పలుకుబడి భారతంలోని స్త్రీపర్వం నుంచి వచ్చింది. కొడుకులను పోగొట్టుకున్న గుడ్డిరాజు భీముణ్ని రమ్మని చేతులు చాచినప్పుడు కృష్ణుడు ముందుకు నెట్టిన ఇనుప బొమ్మ ఆ చేతుల నడుమ పిండి అయింది. ప్రేమ చూపుతూ చంపే ఒప్పందాలన్నిటికీ పత్రికలు ఆ పేరే వాడతాయి. మృత్యువు కౌగిట చేరారు అన్నప్పుడు కూడా ఉద్దేశం ఒకటే. చేతుల నడుమ చోటు ఎంత భద్రమైనదో, పట్టు ఎవరిదన్నదాన్ని బట్టి, అంత తప్పించుకోలేనిది. ఈ చోట్ల కౌగిలిని తీసి ఆలింగనం పెడితే పలుకుబడి చప్పబడిపోతుంది, ఎందుకంటే ఆలింగనం జరిగి ముగిసిపోయే పని. కౌగిట మాత్రం ఉండిపోవచ్చు.

ఒడియా మాధ్యమంలో చదివే తెలుగు పిల్లల నోట ఇప్పుడు వాకిట్లో, పిడికిట్లో అనే రూపాలు ఇంకా సరిగ్గానే వస్తున్నాయి, రోజూ వినే మాటలు కనుక. కౌగిట అనేది వారికి పాటల్లో మాత్రమే తగులుతుంది. రాయవలసి వచ్చినప్పుడు "కౌగిలిలో" అని రాస్తారు, అది వ్యాకరణానికి లొంగే రూపమే. వారికి ఈ మాట నేర్పేటప్పుడు దగ్గర దారి ఒకటి వారి ఇంటి పక్కనే ఉంది. కోళరే అంటే ఏమిటో ఆ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కౌగిట అన్నదానికి అర్థంగా పుస్తకంలో ఆలింగనం అని ఇచ్చేకంటే, కోళరే అని చెప్పి, చంకనెత్తుకోవడాన్నీ అక్కున చేర్చుకోవడాన్నీ పక్కన చూపితే, బ్రౌన్ మొదట రాసిన అర్థం వారికి ఒక్క పాఠంలో అందుతుంది.